మార్టిన్ ఈడెన్ లెక్కల పుస్తకం

రచయిత కావాలనుకునే మనిషి గురించి రాసిన నవలల్లో డబ్బు లెక్కలు పెద్దగా కనబడవు. తపన ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది, అర్ధరాత్రి దీపం ఉంటుంది. కథకి ఎంతిచ్చారు, తపాలా బిళ్లలకి ఎంతయింది, అద్దె ఎన్ని వారాలు బాకీ పడ్డాడు అన్న సంగతులు మాత్రం ఉండవు. జాక్ లండన్ 1909లో పుస్తకంగా తెచ్చిన ‘మార్టిన్ ఈడెన్’ ఈ విషయంలో వేరే జాతి పుస్తకం. ఇందులో దాదాపు ప్రతి రాతకీ ఒక ధర ఉంటుంది. చలికోటూ సైకిలూ తాకట్టు కొట్టుకి వెళ్లొస్తూ ఉంటాయి. బంగాళాదుంపలు, బీన్సు, అప్పిచ్చే కిరాణా కొట్టువాడి ఓపిక, అన్నిటికీ లెక్క ఉంది. ఈ నవలని ప్రేమకథగా చదివినవాళ్లున్నారు, తత్వచర్చగా చదివినవాళ్లున్నారు. నేను లెక్కల పుస్తకంగా చదివాను. అలా చదివితే దీని బలమూ బలహీనతా రెండూ స్పష్టంగా కనబడతాయని నా నమ్మకం.

ముందు కథ క్లుప్తంగా. మార్టిన్ ఇరవయ్యేళ్ల నావికుడు, ఉండేది కాలిఫోర్నియాలోని ఓక్లండ్. రౌడీల చేతిలో చిక్కిన ఆర్థర్ మోర్స్ అనే డబ్బున్నింటి కుర్రాణ్ణి కాపాడతాడు. ఆ కుర్రాడు కృతజ్ఞత కొద్దీ ఇంటికి భోజనానికి పిలుస్తాడు. అక్కడ మార్టిన్ మొదటిసారి ఇంటి నిండా పుస్తకాలు చూస్తాడు, రూత్‌ని చూస్తాడు. ఆమె యూనివర్సిటీలో సాహిత్యం చదువుతున్న పిల్ల. ఆమెకి తగినవాడు కావాలని భాష దిద్దుకుంటాడు, లైబ్రరీల్లో పడి చదువుతాడు, చివరికి రచయిత కావాలని తీర్మానించుకుంటాడు. పంపినవన్నీ తిరిగొస్తాయి. ఆకలి, అప్పులు, జ్వరం. రూత్ వదిలేస్తుంది. తర్వాత ఉన్నట్టుండి ఒక పుస్తకం గెలుస్తుంది, మూలన పడున్న రాతప్రతులన్నీ అమ్ముడవుతాయి, డబ్బు వరదలా వస్తుంది. అప్పటికి అతనికి దేనిమీదా కోరిక మిగలదు. తాహితీకి వెళ్తున్న ఓడ కిటికీలోంచి సముద్రంలోకి జారిపోతాడు.

చాలావరకు ఇది లండన్ సొంత కథే. అతనూ ఓక్లండ్ కుర్రాడే, నావికుడే, లాండ్రీలో పనిచేసినవాడే. 1899 జనవరిలో ‘ఓవర్‌లాండ్ మంత్లీ’ అతని కథ ఒకటి వేసి 5 డాలర్లు ఇచ్చింది. ‘ది బ్లాక్ క్యాట్’ అనే పత్రిక ఇంకో కథకి 40 డాలర్లు ఇచ్చింది. నవలలో ఈ రెండు అంకెలూ అలాగే దిగాయి. పత్రికల పేర్లు మాత్రం మారాయి, ‘ట్రాన్స్‌కాంటినెంటల్’, ‘వైట్ మౌస్’ అని. అంటే ఇందులో అంకెలు అలంకారానికి పెట్టినవి కావు, రచయిత జేబులోంచి వచ్చినవి.

*

మార్టిన్ మొదట వేసుకున్న లెక్క చూడండి. పత్రికలు కాలమ్‌కి కనీసం 10 డాలర్లు ఇస్తాయని ఎక్కడో చదువుతాడు. తన వ్యాసం ఎన్ని కాలమ్‌లు వస్తుందో చూసుకుని పదితో గుణిస్తాడు. ఓడలో కళాసీగా నెలలు నెలలు చాకిరీ చేసి సంపాదించేది ఇక్కడ కూర్చుని కొన్ని రోజుల్లో సంపాదించొచ్చు అనుకుంటాడు. రోజుకి మూడు వేల పదాలు రాస్తాడు. ఆ వ్యాసాన్ని పంపబోయేముందు తెలుస్తుంది, రాతప్రతిని చుట్టగా చుట్టి పంపకూడదట, కాగితానికి ఒకవైపే రాయాలట. ఈ రెండూ అతనికి తెలీవు.

ఈ దృశ్యం చదివి నవ్వొస్తుంది గానీ, నవలలో చాలా నిజమైన చోట్లలో ఇదొకటి. ఒక వృత్తిలోకి బయటినుంచి వచ్చేవాడికి ముందు అడ్డుపడేది ప్రతిభ చాలకపోవడం కాదు, లోపలివాళ్లకి పుట్టుకతో తెలిసినట్టుండే చిన్నచిన్న పద్ధతులు. కాగితానికి ఒకవైపే రాయాలని ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన విషయమని కూడా ఎవరికీ తోచదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లని అడిగితే ఈ చుట్టచుట్టిన రాతప్రతి కథలు ఎన్నయినా చెప్తారు. రెజ్యూమే ఎన్ని పేజీలుండాలి, ఇంటర్వ్యూలో ముందు ఎవరు చెయ్యి చాపాలి లాంటివి. లండన్ ఇక్కడ మార్టిన్‌ని ఎగతాళి చెయ్యడు, అతనికి జాలి చూపించడు కూడా. అతను వెళ్లి అలంకారశాస్త్రం పుస్తకం తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాడని చెప్పి ముందుకెళ్లిపోతాడు.

తర్వాత మార్టిన్ చేసే పని నాలాంటివాడికి బాగా పరిచయమైన పని. అచ్చయిన కథల్ని విప్పి చూస్తాడు. ఈ వాక్యం ఎందుకు పనిచేసింది, ఈ మలుపు ఎక్కడ పెట్టారు అని జాబితాలు రాసుకుంటాడు. కొత్త మాటలు కాగితాల మీద రాసి గోడలకీ అద్దానికీ తగిలించుకుంటాడు. వేరేవాళ్ల కోడ్ చదివి కోడ్ నేర్చుకున్నట్టు. ఇది లండన్‌కి నచ్చిన పద్ధతి, అందుకే ఈ పుటలు ఉత్సాహంతో పరిగెడతాయి. రాయడం అనే పనిని పనిగా చూపించిన నవలలు తక్కువ. చాలా నవలల్లో రచయిత పాత్ర రాయడం మనకి కనబడదు, రాసేశాక కనబడతాడు. మార్టిన్ మన కళ్లముందే రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాడు.

ఈ విప్పి చూడడానికి ఒక చీకటి కొస కూడా ఉంది. డబ్బు అవసరమై వార్తాపత్రికలకి పొట్టి ప్రేమకథలు రాయాల్సి వచ్చినప్పుడు, వాటి సూత్రం కనిపెడతాడు. ఇద్దరు ప్రేమికులు విడిపోవాలి, ఏదో ఒక సంఘటన వాళ్లని కలపాలి, పెళ్లి గంటలు మోగాలి. ఇంతే. విడిపోవడానికి కారణాలు ఒక వరస, కలవడానికి కారణాలు ఇంకో వరస పెట్టి పట్టిక తయారుచేస్తాడు. పట్టికలోంచి ఏవో రెండు తీసుకుంటే కథకి ఎముకల గూడు సిద్ధం, మాంసం తర్వాత తీరిగ్గా అద్దుకోవచ్చు. ఇవాళ యంత్రాలు కథలు రాస్తున్నాయని మనం కంగారు పడుతున్నాం. 1909లోనే ఒక నవలా నాయకుడు చేత్తో ఆ ప్రోగ్రాం రాసి పెట్టాడు. గమనించాల్సింది ఇంకోటుంది. అతని మంచి కథలు తిరిగొస్తున్న రోజుల్లో ఈ పట్టిక కథలు అమ్ముడవుతాయి. ఏది అచ్చవుతుందో, ఏది మంచిదో అన్న రెండు ప్రశ్నల మధ్య దూరాన్ని చూపించడానికి లండన్‌కి ఇంతకన్నా ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

*

నవలలో బాగా గుర్తుండిపోయే ఉపమానం సంపాదక యంత్రం. రాతప్రతి వెళ్తుంది, అచ్చేసిన తిరస్కరణ చీటీతో తిరిగొస్తుంది. మనిషి చేత్తో రాసిన ఒక్క మాట ఉండదు. అసలు అటుపక్క మనుషులున్నారా అని మార్టిన్‌కి అనుమానం వస్తుంది. ఒక కవర్లోంచి తీసి ఇంకో కవర్లో పెట్టి బిళ్లలంటించే పళ్లచక్రాల యంత్రమేదో ఉందనుకుంటాడు. నాణెం వేస్తే ఒక కంతలోంచి చూయింగ్ గమ్, ఇంకో కంతలోంచి చాక్లెట్ వచ్చే యంత్రాల్లాగే, దీనికీ రెండు కంతలున్నాయి. ఒకదాంట్లోంచి చెక్కులు, రెండోదాంట్లోంచి తిరస్కరణ చీటీలు. తనకింకా రెండో కంతే దొరికింది.

ఉద్యోగానికి అర్జీ పెట్టి, తిరిగి జవాబు రాయడానికి వీల్లేని చిరునామా నుంచి మర్యాదగా వచ్చిన నాలుగు లైన్ల ఈమెయిల్ చదివినవాళ్లెవరికైనా ఈ ఉపమానం గుచ్చుకుంటుంది. కానీ విమర్శకుడిగా చూస్తే, ఇక్కడే లండన్ ఒక పక్కకి ఒరిగిపోయాడనిపిస్తుంది. యంత్రం అన్న మాట మార్టిన్ కోపానికి సరిపోతుంది. నవల కూడా ఆ కోపాన్నే నమ్మేసింది.

ఉదాహరణకి 40 డాలర్ల ఉత్తరం. మార్టిన్ జ్వరంతో మంచం పట్టి ఉన్నప్పుడు వస్తుంది. కథ నచ్చింది, మూడోవంతు తగ్గించడానికి ఒప్పుకుంటే తీసుకుంటాం అని దాని సారాంశం. డబ్బు పంపితే చాలు, మూడింట మూడు వంతులూ తీసేసుకోమంటాడు మార్టిన్. సరదాగానే ఉంది. కానీ ఒక సంపాదకుడు అతని రాతలోకి నిజంగా చూసి మాట్లాడినట్టు నవలలో కనబడే అరుదైన చోటు ఇది. అటుపక్క ఒక మనిషి కూర్చుని ఈ కథ మొత్తం చదివి, మూడోవంతు ఎక్కువుందని నిర్ణయించాడు. ఏ మూడోవంతు అని అడగాలని మార్టిన్‌కి తోచదు. నవలకీ తోచదు. ఇది లండన్‌కి నిజంగా జరిగింది. ‘బ్లాక్ క్యాట్’ సంపాదకుడు అంబ్‌స్టేటర్ కథని సగానికి తగ్గిస్తానంటే ఒప్పుకున్నాడు. దాన్ని జీవితాంతం మేలుగానే తలుచుకున్నాడు. 1911లో అంబ్‌స్టేటర్ కథల పుస్తకానికి ముందుమాట రాసి ఈ సంగతి చెప్పాడు కూడా. జీవితంలో మనిషిగా కనబడిన సంపాదకుడు నవలలో ఒక అంకెగా మిగిలిపోయాడు.

ఇదే ఇతివృత్తం మీద ఇంగ్లండులో 1891లో వచ్చిన జార్జ్ గిస్సింగ్ నవల ‘న్యూ గ్రబ్ స్ట్రీట్’ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. గిస్సింగ్ పాత్ర ఎడ్విన్ రియర్డన్ మంచి రచయిత, మెల్లగా రాసే రచయిత. అతని మీద ఒత్తిడి తెచ్చేది తెలియని యంత్రం కాదు, తెలిసిన వ్యాపారం. ఆ రోజుల్లో నవల మూడు సంపుటాలుగా వస్తే అద్దె గ్రంథాలయాలు కొనేవి. కాబట్టి రెండు సంపుటాల సరుకున్నా మూడుకి సాగదీయాల్సిందే. అతనికి భార్య ఉంది, బిడ్డ ఉంది, అద్దె ఉంది. సాగదీయలేక కూలిపోయి మళ్లీ గుమాస్తాగిరీకి వెళ్తాడు. అదే నవలలో జాస్పర్ మిల్‌వెయిన్ అనే కుర్రాడు ఏది అమ్ముతుందో, ఎవరితో భోంచెయ్యాలో తెలుసుకుని హాయిగా పైకొస్తాడు. గిస్సింగ్ లోకంలో ప్రతివాడికీ ఒక పేరుంది, ఒక ఆదాయముంది, ఒక భయముంది. సంపాదకులకి కూడా. లండన్ నవలంత వేగం గిస్సింగ్‌కి లేదు, చదవడానికి బరువుగానే ఉంటుంది. కానీ ఈ వృత్తి ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే గిస్సింగే నమ్మకమైనవాడు. మార్టిన్ తలుపు కొడుతూ ఉంటాడు. గదిలో ఏం జరుగుతోందో గిస్సింగ్ చూపిస్తాడు.

*

రెండో సగంలో డబ్బు వచ్చాక నవల ఒక్క మాట పట్టుకుని తిరుగుతుంది. ఆ పనంతా అప్పుడే చేసేశాను కదా అన్నది ఆ మాట. ఇవాళ భోజనానికి పిలుస్తున్న జడ్జికి, రూత్ తండ్రికి, సొంత బావకి నేను ఆకలితో ఉన్న రోజుల్లో కనబడలేదేం? అప్పటికే ఈ కథలన్నీ రాసేశాను. వీటిలో ఒక్క అక్షరం మారలేదు. మరి మారిందేమిటి? ఈ ప్రశ్న చివరి అధ్యాయాల నిండా మళ్లీ మళ్లీ వస్తుంది. విసుగు పుట్టేంతగా వస్తుంది. కానీ ఆ విసుగులో న్యాయముంది. మనిషికి నిజంగా దెబ్బ తగిలినప్పుడు ఒకే మాట పదిసార్లు అంటాడు.

లండన్ తర్వాత ఒక ఫిర్యాదు చేశాడు. ఈ నవల వ్యక్తివాదం మీద దాడి అనీ, ఒక్క సమీక్షకుడూ దాన్ని పట్టుకోలేదనీ, తానే సరిగ్గా రాయలేకపోయి ఉంటాననీ. అతను సోషలిస్టు. మార్టిన్ నీషేనీ స్పెన్సర్‌నీ తలకెక్కించుకుని సోషలిస్టుల సభలోనే వాళ్లని విమర్శిస్తాడు. ఒంటరిగా గెలుస్తాడు, గెలిచాక ఆ ఒంటరితనంలోనే మునిగిపోతాడు. కాబట్టి ఇది హెచ్చరిక అని రచయిత ఉద్దేశం. మరి చదివినవాళ్లు, ముఖ్యంగా రాయాలనుకునే కుర్రాళ్లు, దీన్ని హెచ్చరికగా ఎందుకు చదవరు? పంతం పట్టి రాసేవాడి గెలుపు కథగా ఎందుకు చదువుతారు?

తప్పు పాఠకులది కాదనుకుంటాను. నవల తన శక్తినంతా మొదటి సగంలో ఖర్చుపెట్టింది. అయిదు గంటల నిద్ర, పెరుగుతున్న తిరుగుటపా, ఒక్కో కొత్త పదం పట్టుకున్నప్పటి ఆనందం. ఈ పుటలు రాస్తున్నప్పుడు లండన్ చెయ్యి వేడిగా ఉంది. సోషలిజం మాట వచ్చినచోట వాదన వినబడుతుంది, వేడి ఉండదు. పాఠకుడు ఎప్పుడూ వేడి ఉన్నచోటే నిలబడతాడు.

ఒక్కచోట మాత్రం వ్యక్తివాదం మీద దాడి నిజంగా తగిలింది. అది ఉపన్యాసంలో లేదు, లాండ్రీలో ఉంది.

డబ్బంతా అయిపోయి మార్టిన్ షెల్లీ హాట్ స్ప్రింగ్స్ అనే చోట హోటలు లాండ్రీలో జో డాసన్ అనేవాడి కింద పనికి కుదురుతాడు. పెట్టె నిండా పుస్తకాలు తీసుకెళ్తాడు. పగలు పని, రాత్రి చదువు అని పథకం. మొదటి రాత్రే పుస్తకం మీద నిద్రపోతాడు. వారాలు గడిచేకొద్దీ చదవడం పోతుంది, తర్వాత ఆలోచించడం పోతుంది. వారాంతం వస్తే మిగిలేది తాగడం ఒక్కటే. మార్టిన్ ఇక్కడ ఓడిపోయింది సంపాదకుల వల్ల కాదు, ఇస్త్రీపెట్టె వల్ల. మనిషి ఎంత బలవంతుడైనా, ఎంత పంతమున్నవాడైనా, పద్నాలుగు గంటల చాకిరీ తర్వాత రచయిత కాలేడని ఈ అధ్యాయాలు ఏ సిద్ధాంతమూ చెప్పకుండా తేల్చేస్తాయి. మార్టిన్ బయటపడింది పంతం వల్ల కూడా కాదు. ఒంటరివాడు, ఇంటి దగ్గర అతని సంపాదన మీద బతికేవాళ్లు లేరు కాబట్టి పని వదిలేసి నడిచిపోగలిగాడు.

ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు రాసేవాళ్లం ఈ అధ్యాయాల్ని జాగ్రత్తగా చదవాలి. నా పని కుర్చీలో కూర్చుని చేసే పని. రిలీజ్ ఉన్న వారం కథ చదవడమే కష్టం, విమర్శ రాయడం మాట దేవుడెరుగు. అయినా అది ఇస్త్రీ పని కాదు, నెల తిరిగేసరికి జీతం పడుతుంది, శని ఆదివారాలు చేతిలో ఉంటాయి. ఆ రెండు రోజుల్లోంచే ఈ వ్యాసం వచ్చింది.

*

ఈ నవల చదివిన తెలుగువాళ్లకి వచ్చే ప్రశ్న ఒకటే. మనకి మార్టిన్‌లు ఉన్నారా? రాత మీద బతికినవాళ్లు మనకి లేకపోలేదు. ముళ్లపూడి వెంకటరమణ ‘కోతి కొమ్మచ్చి’లో చెప్పుకున్న బతుకు చాలావరకు ఇదే. చిన్నప్పటి పేదరికం, మద్రాసు, పత్రిక ఉద్యోగం, సినిమాలు. లండన్ పళ్లు బిగించి చెప్పినదాన్ని రమణ నవ్వుతూ చెప్తాడు. ఆకలిని మార్టిన్ అవమానంగా లెక్కవేస్తే, ‘ఋణానందలహరి’ రాసిన మనిషి అప్పు చెయ్యడాన్ని ఒక కళగా మార్చేశాడు. అప్పుల అప్పారావు తాకట్టు కొట్టు ముందు సిగ్గుపడడు. రెండూ ఆకలి ఎరిగినవాళ్లు రాసినవే.

వారపత్రికల సీరియళ్లు జోరుగా ఉన్న రోజుల్లో యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ లాంటివాళ్లు రచయితలుగానే ఇంటింటా తెలిశారు. యండమూరి చార్టర్డ్ అకౌంటెంట్ ఉద్యోగంలోంచి రాతలోకి వచ్చినవాడు. కానీ మనం గొప్పగా చెప్పుకునే కథకుల్లో చాలామందికి వేరే జీతం ఉంది. రావిశాస్త్రి వకీలు. బుచ్చిబాబు ఆకాశవాణిలో పనిచేశాడు. ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి గెలిచేనాటికి పాలగుమ్మి పద్మరాజు రసాయనశాస్త్రం పాఠాలు చెప్పే మనిషే, ఆ తర్వాతే సినిమాల వైపు వెళ్లాడు. ప్రపంచ బహుమతి వచ్చినా తెలుగు కథ ఒక్కటే ఇల్లు గడపలేదు.

మార్టిన్‌కి సరిగ్గా ఎదురుగా నిలబెట్టాల్సినవాళ్లు మాత్రం చందమామ ఆఫీసులో ఉన్నారు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామకి పనిచేశాడు. నెల నెలా ఎన్ని కథల్ని రాశాడో, తిరగరాశాడో లెక్కలేదు. పేరుండేది కాదు. అదే చోట దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ దగ్గర్నుంచి వరసగా సీరియళ్లు రాశాడు. పిల్లలంతా ఊపిరి బిగబట్టి చదివారు. రాసింది ఎవరో ఆ పిల్లలకి పెద్దయ్యాక గానీ తెలియలేదు. మార్టిన్‌కి పని ముందు, చెల్లింపు ఎప్పటికో, అదీ అతని పేరుకి. వీళ్లకి పని, నెల జీతం రెండూ ఉన్నాయి, పేరు లేదు. కుటుంబరావుకి బయట వేరే పేరు ఉంది, అది నిజమే. కానీ తెలుగులో ఎక్కువమంది చదివిన వచనం ఆయన పేరు లేకుండానే చదివారు. పేరు లేకపోయినా ఆ వాక్యాల్లో శ్రద్ధ తగ్గలేదు. గుర్తింపు రాకపోతే రచయిత లోపల చచ్చిపోతాడన్న మార్టిన్ వాదనకి ఇంతకన్నా బలమైన జవాబు నాకు కనబడలేదు.

లండన్ సొంత జీవితం కూడా మార్టిన్‌కి జవాబే. తపాలా శాఖ పరీక్ష నెగ్గి, ఉద్యోగం రమ్మంటే వెళ్లకుండా రాత వైపు ఉండిపోయాడు. అది మార్టిన్ పంతమే. కానీ గెలిచాక సముద్రంలోకి జారలేదు. రోజుకి వెయ్యి పదాలు అని నియమం పెట్టుకుని రాసుకుంటూ పోయాడు. ‘కాల్ ఆఫ్ ది వైల్డ్’ పుస్తకం హక్కుల్ని 1903లో మాక్‌మిలన్‌కి 2000 డాలర్లకి ఒకేసారి అమ్మేశాడు. తర్వాత అది ఎన్ని లక్షలమంది చదివినా ఆ ఒప్పందంలో మార్పు లేదు. ఓడ కట్టించాడు, పొలాలు కొన్నాడు, వాటి ఖర్చులకి ఇంకా రాశాడు. కథావస్తువులు తోచక, అప్పటికి ఎవరికీ తెలియని సింక్లెయిర్ లూయిస్ అనే కుర్రాడి దగ్గర కథల ప్లాట్లు డబ్బిచ్చి కొన్నాడు. ‘ది అబిస్మల్ బ్రూట్’ అలా కొన్న ప్లాటే. ఆ కుర్రాడికే 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. మార్టిన్ కనిపెట్టిన పట్టిక రచయిత జీవితంలో ఇలా తేలింది. 1916లో లండన్ చనిపోయేనాటికి నలభయ్యేళ్లు. నవల రాసినప్పుడు తనకి తెలిసిన రెండు దారుల్లో ఒకటి మార్టిన్‌కిచ్చి, రెండోది తను తీసుకున్నాడనుకోవచ్చు.

*

ఉద్యోగం మానేసి రాసుకుందామనుకుంటున్నాను, ఏమంటావు అని అడిగే మిత్రులు నాకు ఇద్దరు ముగ్గురున్నారు. ‘మార్టిన్ ఈడెన్’ చదవమని చెప్తాను. పంతం నేర్చుకోవడానికి కాదు, పంతం వాళ్లకి ముందే ఉంది. లెక్క నేర్చుకోవడానికి. ఎన్ని నెలల అద్దె చేతిలో ఉంది, మీ మీద ఎవరు ఆధారపడి ఉన్నారు, పట్టిక కథలు ఎన్ని రాయగలరు, వాటిని రాశాక సొంత కథ రాసే చెయ్యి మిగులుతుందా. లండన్ ఈ లెక్కల్ని దాచకుండా బల్ల మీద పెట్టాడు. సిగ్గుపడకుండా డబ్బు గురించి మాట్లాడడం అతని నవలలో నాకు బాగా నచ్చే గుణం. మన దగ్గర రచయిత పారితోషికం గురించి అడిగితే సాహిత్యాన్ని అవమానించినట్టు చూస్తారు. ఐదు డాలర్లు రాకపోతే మార్టిన్ ఓడెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, సంపాదకుల జేబులు దులిపించి చిల్లరతో సహా వసూలు చేసుకుంటాడు. అదే ధైర్యంతో ఇంకో పత్రికకి వెళ్తే వాళ్లు మెట్ల మీంచి కిందికి తోసేస్తారు. రెండూ చూపించడం లండన్ నిజాయితీ.

ఇలాంటి వెబ్ పత్రికల్లో రాసేవాళ్లకి పారితోషికం ఉండదు, నడిపేవాళ్లకీ ఉండదు. అందులో ఒక స్వేచ్ఛ ఉంది. పదాల లెక్క లేదు, అమ్మకాల బెంగ లేదు, రియర్డన్‌లా రెండు సంపుటాల్ని మూడుకి లాగక్కర్లేదు. కానీ దాని ధర కూడా చూసుకోవాలి. ఉచితంగా రాయగలిగేది నాలాంటివాళ్లే, వేరేచోట జీతం వచ్చేవాళ్లు. సాహిత్యమంతా జీతగాళ్ల వారాంతాల్లోంచి వస్తే, అందులో కనబడే జీవితం కూడా జీతగాళ్ల వారాంతమంతే ఉంటుంది. జో డాసన్ చూసింది జో డాసన్ రాయడు. పన్నెండు గంటలు బండి మీద తిరిగి ఇళ్లకి పార్సిళ్లు అందించే కుర్రాడు రాత్రి పదకొండింటికి ఫోన్లో నాలుగు వాక్యాలు టైపు చేసి నిద్రపోతున్నాడేమో. ఆ నాలుగు వాక్యాలు నలభై కావాలంటే అతనికి కావాల్సింది ప్రోత్సాహకరమైన కామెంటు కాదు, ఒక నెల తీరిక.

నవల చివర్లో మార్టిన్ డబ్బు పంచుతాడు. ఇంటావిడ మరియాకి ఆమె ఎప్పట్నుంచో కోరుకున్న పాడి పశువుల కొట్టం కొనిస్తాడు. అక్కచెల్లెళ్ల బావల కోరికలు తీరుస్తాడు. దిమ్మరిగా తిరుగుతున్న జో కనబడితే అతనికి ఒక లాండ్రీ కొనిస్తాడు. ఇంకో కొత్త రచయితకి ఏమైనా చెయ్యాలని మాత్రం అతనికి తోచదు. తనని అంత నలిపిన చోటుని కాస్తయినా మార్చొచ్చన్న ఆలోచన అతని తలలోకే రాదు. జోకి మాత్రం వచ్చింది. లాండ్రీ చేతికొస్తుందని తెలియగానే అతను వేసిన మొదటి పథకం, అక్కడ పని గంటలు మనుషులు భరించేట్టుండాలి, పసిపిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు అని. వ్యక్తివాదం మీద దాడి ఎక్కడుందని వెతికిన సమీక్షకులు ఈ పేరా దగ్గర ఆగి ఉంటే లండన్‌కి అంత ఫిర్యాదు ఉండేది కాదు.